గోవా పోటీకి ముందు సైకిలు సర్వీసు: దుకాణాల తీరు, తప్పనిసరి పనులు

మూడు ఆటలు
ఈత, సైకిలు, పరుగు ఒకే రోజు వరుసగా చేయవలసిన ట్రయథ్లాన్, నవంబరులో జరిగే గోవా ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి మా ఈతకొలను మిత్రబృందం నుండి కొందరం పేర్లు నమోదు చేసుకున్నాం. ఈత, పరుగు సాధన బాగానే సాగుతోంది గాని, మధ్యలో ఉన్న 90 కిలోమీటర్ల సైకిలు దగ్గరే చిక్కు వచ్చిపడింది. కొండాపూర్ వైపు నేను ఏళ్ళ తరబడి వెళ్తున్న దుకాణం ఈ వారం కౌంటరు మీద ఒక కాగితం అంటించింది. తీగలూ బ్రేకు గొట్టాలూ హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల భాగం) లోపలి నుండి వెళ్ళే సైకిళ్ళకు పోటీ అయ్యేదాకా పూర్తి ఓవర్‌హాల్ చేయబోమని, ఆన్‌లైన్‌లో కొని తెచ్చిన ఏరోబార్లు (మోచేతులు ఆనించి ముందుకు వాలడానికి హ్యాండిల్‌కు తగిలించే కడ్డీలు) బిగించాలంటే కూలి రెట్టింపు తీసుకుంటామని దాని సారాంశం. నేను సైకిలు కొన్నది అక్కడే, ప్రతి సర్వీసూ చేయించినదీ అక్కడే. తీరా అవసరమైన నెలలో చేతులెత్తేస్తే ఇన్నాళ్ళూ ఆ దుకాణాన్ని నమ్ముకున్నందుకు ప్రయోజనం ఏమిటన్నదే నా బాధ.

పోటీకి ముందు తప్పనిసరిగా చేయించవలసిన పనులు ఏవి, వాయిదా వేసినా నష్టం లేనివి ఏవి అన్నది తెలిసినవారు చెప్పగలరు. గచ్చిబౌలి, మాదాపూర్, సికింద్రాబాద్ ప్రాంతాల్లో ట్రయథ్లాన్ సైకిళ్ళ మీద నిదానంగా పనిచేసే మెకానిక్‌లు ఉంటే నాకు సందేశం పంపండి.

కొల్లూరు ట్రాక్
రెట్టింపు కూలి మాట అటుంచితే, మిగిలినదంతా ఆ దుకాణం నిజాయతీగానే చెప్పిందని నాకు అనిపిస్తోంది. హెడ్‌సెట్ గుండా గొట్టాలు వెళ్ళే సైకిలులో పై బేరింగు ఒక్కటి మార్చాలన్నా బ్రేకు గొట్టాలు విప్పాలి, తిరిగి కలిపాక ఆయిలు నింపి లోపలి గాలి బుడగలు తీయాలి. పాత తరహా సైకిలుకు అరగంటలో తెమిలే పని దీనికి సగం రోజు పడుతుంది, గొట్టం చివర వేసే చిన్న ఇత్తడి ముక్క అందుబాటులో లేకపోతే సైకిలు అలా స్టాండు మీదే ఉండిపోతుంది. చేస్తామని తీసుకొని బయలుదేరే ముందురోజు కుదరలేదని చెప్పే దుకాణం కన్నా ఇది ఎంతో నయం.

పాత స్పోక్
కొల్లూరు ట్రాక్ గారితో నేను ఏకీభవించలేను. అదే సైకిలును అమ్మేటప్పుడు తీగలు కనబడవు, గాలికి అడ్డు ఉండదు అని గొప్పగా చెప్పి అమ్మినవారికి, దానికి సర్వీసు చేసే బాధ్యత కూడా ఉంటుంది. పని ఎక్కువైతే తేదీలు ఇచ్చి వరుస క్రమంలో తీసుకోవచ్చు గదా. గోవా పోటీ 2019లో మొదలైంది, హైదరాబాదు నుండి వెళ్ళేవారు ప్రతిసారీ ఉంటున్నారు, ఈ నెలలో రద్దీ ఉంటుందన్నది వారికి కొత్త సంగతి కాదు.

అయితే ఒక్క విషయం మాత్రం అందరూ గమనించాలి. మన నగరంలో ఈ పని తెలిసిన మెకానిక్‌లలో ఉత్తరాది నుండి వచ్చినవారు చాలామంది ఉన్నారు. దీపావళికి, ఆ వెంటనే వచ్చే ఛఠ్ పూజకు వారు ఊళ్ళకు వెళ్తారు. సర్వీసు అక్టోబరు మొదటి పక్షంలోనే పూర్తి చేసుకోవాలి.

నెమ్మది పరుగు
జీఎస్టీ తగ్గిన సంగతి దుకాణాల్లో ఎవరైనా అడిగి చూశారా? సైకిళ్ళ మీద, వాటి విడిభాగాల మీద 12 శాతం ఉన్న పన్నును 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతానికి తగ్గించారు. నేను ఈ మధ్య కొన్ని విడిభాగాలు కొన్నప్పుడు ధర పాతదే చెప్పారు, బిల్లు అడిగిన తరువాత సవరించారు. పన్ను ఎంత వేశారో విడిగా చూపే బిల్లు తీసుకోండి.

రెంచి పట్టిన చేయి
మాదాపూర్‌లో ఒక చిన్న సర్వీసు షెడ్డు నడుపుతున్నాను కనుక కౌంటరుకు ఇవతలి వైపు నుండి చెబుతాను. మూడు ఆటలు గారి దుకాణం ఎవరిదో నాకు తెలియదు గాని, ఈ నెలలో నా దగ్గరకు పూర్తి ఓవర్‌హాల్ కోసమని వచ్చే సైకిళ్ళలో చాలావాటికి నిజంగా ఓవర్‌హాల్ అవసరం ఉండదు. చైను, క్యాసెట్ (వెనుక చక్రం మీది పళ్ళ చక్రాల గుత్తి), బ్రేకు ప్యాడ్లు, టైర్లు, వెనుక గేరు హ్యాంగర్ (గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క), బోల్టుల బిగువు సరిగా ఉంటే 90 కిలోమీటర్లు నిశ్చింతగా సాగుతాయి. హ్యాండిల్ తిప్పినప్పుడు గరగరమని తగలకుండా, ముందు బ్రేకు పట్టి ఊపినప్పుడు కదలిక లేకుండా ఉంటే హెడ్‌సెట్ జోలికి ఇప్పుడు వెళ్ళకండి.

చైను అరుగుదలను ఇంట్లోనే కొలవవచ్చు. అంగుళాలున్న స్టీలు స్కేలు తీసుకొని ఒక పిన్ను నడిమి భాగం దగ్గర సున్నా పెడితే, కొత్త చైనులో అక్కడి నుండి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతుకు చేరితే చైను మార్చాలి. ఎనిమిదో వంతుకు చేరిందంటే క్యాసెట్ కూడా అరిగిపోయినట్టే. అరిగిన క్యాసెట్ మీద కొత్త చైను వేస్తే, ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కినప్పుడు పళ్ళ మీద నుండి జారుతుంది. అది జారుతుందో లేదో తెలియడానికి ఒకటి రెండు పొడవైన రైడ్లయినా కావాలి, అందుకే పోటీ వారంలో కొత్త చైను వేయమని వచ్చేవారికి వద్దని నచ్చజెబుతాను.

ఇక, ఎవరూ అడగని సంగతి ఒకటి ఉంది. వానాకాలమంతా ఇంట్లో ట్రైనర్ (సైకిలును ఒకేచోట నిలిపి తొక్కే పరికరం) మీద తొక్కినవారు తమ హ్యాండిల్ బారు టేపు ఒక్కసారి విప్పించి చూడాలి. ఆ మధ్య ఒక సైకిలు వచ్చింది. ఫ్రేము తళతళలాడుతోంది, చైను శుభ్రంగా ఉంది, యజమాని అడిగింది గేర్లు సరిచేయమని మాత్రమే. ఏరోబార్ల మోచేతి ప్యాడ్ కింద బోల్టు తుప్పు పట్టి కీకి అందడం లేదు. అనుమానం వచ్చి బారు టేపు విప్పితే లోపల అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుకొని ఉంది. బ్రేకు లివరు పట్టీ జరిపి గుడ్డతో తుడిచేసరికి ఆ పొడి కింద బియ్యపు గింజంత గుంటలు వరుసగా కనబడ్డాయి. ఫ్యాను గాలి తగలని గదిలో గంటల తరబడి తొక్కినప్పుడు కారిన చెమట టేపులోకి ఇంకి, అక్కడే నిలిచిపోయి, లోహాన్ని తినేసింది. ఆ బారు మీద వాలి పల్లంలో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నప్పుడు అది విరిగితే ఏమవుతుందో ఆలోచించండి. బారు మార్చేదాకా ఆ సైకిలును షెడ్డు దాటనివ్వలేదు. టేపు విప్పి చూడటానికి పట్టేది పది నిమిషాలు. నన్ను అడిగితే కొత్త చక్రాల కన్నా ముందు ఈ పది నిమిషాలకే విలువ కడతాను.

ఏరోబార్ల కూలి గురించి ఒక మాట. కార్బన్ హ్యాండిల్ బారు మీద ఏరోబార్ల పట్టీ బిగించడానికి అన్ని తయారీ సంస్థలూ ఒప్పుకోవు. ఒప్పుకున్న బారు అయినా దాని మీద రాసిన టార్క్ (బిగింపు బలం) మించి బిగిస్తే లోపల పొరలు చిట్లుతాయి, ఆ చీలిక బయటికి కనబడదు. ఎవరో కొన్న భాగం మీద ఆ పూచీ మాకెందుకని కొందరు దుకాణదారులు కూలి పెంచుతారు. రెట్టింపు న్యాయమని నేను అనను. బారు మోడలు, ఏరోబార్ల మోడలు ముందుగా పంపి అడిగితే మాత్రం చాలామంది మామూలు కూలికే చేస్తారు.

భీమిలి తీరం
రెంచి పట్టిన చేయి గారు చెప్పిన తెల్లటి పొడి మా విశాఖలో ట్రైనర్ ఎక్కకుండానే పడుతుంది. ఆర్కే బీచ్ నుండి భీమిలి వరకు తీరం వెంట తొక్కేవాళ్ళం, ఉప్పుగాలి రోజూ తగులుతుంది. రైడ్ అయ్యాక మామూలు నీటితో తడిపిన గుడ్డతో ఫ్రేము, బోల్టు తలలు తుడిచి, ఆ తరువాత పొడి గుడ్డతో తుడవడం ఇక్కడ అందరికీ అలవాటు. బైకులు కడిగే ప్రెషరు పైపుతో మాత్రం కడిగించకండి, నీరు సీళ్ళు దాటి బేరింగుల్లోకి పోతుంది. గోవాలో కూడా సైకిలు ఒక రాత్రంతా సముద్రం పక్కన ఆరుబయట ఉంటుంది కనుక, చెక్ఇన్‌కు (పోటీ ముందురోజు సైకిలు అప్పగించడానికి) ముందు చైనుకు ఆయిలు పెట్టి అదనంగా ఉన్నది తుడిచేయండి.

మూడు ఆటలు
రెంచి పట్టిన చేయి గారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. నేను జూన్ నుండి ట్రైనర్ మీదే తొక్కుతున్నాను. రేపే టేపు విప్పిస్తాను. టైర్ల విషయంలో మీ సలహా ఏమిటి? నావి 28 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు, లోపల చిన్న రంధ్రాలను మూసే ద్రవం, అదే సీలెంట్, ఏప్రిల్‌లో పోయించాను.

రెంచి పట్టిన చేయి
ఏప్రిల్‌లో పోసిన సీలెంట్ ఈపాటికి లోపల గట్టిపడి పొరలా అంటుకొని ఉంటుంది. మన ఎండలకు రెండు మూడు నెలలకు మించి నమ్మకూడదు. కొత్తది పోయించండి, టైరు ఒక పక్క విప్పినప్పుడు పాత పొర తీయించండి. దానితో పాటు ఒక మామూలు ట్యూబు కూడా సీటు కింద సంచిలో ఉండాలి, కోత పెద్దదైతే సీలెంట్ మూయలేదు.

గండిపేట గాలి
ట్యూబు అన్నారు కనుక చెబుతున్నాను, చక్రాల అంచు లోతు 50 మిల్లీమీటర్లు దాటినవారు పొడవు వాల్వు ట్యూబులు ఇప్పుడే కొనిపెట్టుకోండి. 48 మిల్లీమీటర్ల వాల్వు ఎక్కడైనా దొరుకుతుంది, 80 మిల్లీమీటర్లవి పోటీ దగ్గరపడేకొద్దీ నగరంలో కనబడవు. గచ్చిబౌలిలో ఒక దుకాణానికి నిన్న కొత్త సరుకు వచ్చింది, అడిగినవారికి పేరు విడిగా పంపుతాను.

ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్లలో పడే పంక్చర్లకు మేకులూ గాజుముక్కలే కారణమనుకుంటాం. ఎక్కువసార్లు నాకు దొరికింది వెంట్రుకంత సన్నని ఉక్కు తీగ. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని తీగలు ముక్కలై రోడ్డంతా పరుచుకుంటాయి. ట్యూబు మార్చి ఆ తీగను టైరులోనే వదిలేస్తే, కొత్త ట్యూబు కూడా కిలోమీటరు పోకముందే దిగిపోతుంది. టైరు లోపలి వైపు వేలితో కాకుండా దూది ముక్కతో చుట్టూ తుడవండి, తీగ ఉన్నచోట దూది పోగు పట్టుకుంటుంది.

ఈతకొలను అంచు
నాకు పంక్చరు వేయడం రాదు. పోటీలో మెకానిక్‌లు ఉంటారు గదా, వారి మీద ఆధారపడవచ్చా?

గండిపేట గాలి
ఆధారపడకండి అమ్మా. నిర్వాహకులు పెట్టిన మెకానిక్‌లు దారిలో ఉంటారు గాని, 90 కిలోమీటర్ల దారిలో మీ దగ్గరకు ఎప్పుడు వస్తారో ఎవరూ చెప్పలేరు. దారి పక్కన నిలబడ్డ మీవారు ఎవరైనా చేయి వేస్తే అది బయటి సహాయం కిందికి వస్తుంది, నిబంధన ఒప్పుకోదు. ఆదివారం నానక్‌రామ్‌గూడ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సైకిలు ట్రాక్ మొదట్లో కలుద్దాం, వెనుక చక్రం విప్పి తిరిగి వేయడం మీ చేతనే చేయిస్తాను. ముందు చక్రం అందరికీ వచ్చేస్తుంది, చైను ఎత్తి వెనుక చక్రాన్ని దారిలో పెట్టడం దగ్గరే అందరూ తడబడతారు.

కొల్లూరు ట్రాక్
ఆ ట్రాక్ మాట వచ్చింది కనుక, సర్వీసు అయిన సైకిలును మొదట అక్కడే తొక్కి చూడటం మంచిది. 2023 అక్టోబరులో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల దారిలో వాహనాల భయం ఉండదు, సోలార్ పలకల నీడ ఉంటుంది. ప్రతి గేరులోకీ మార్చి, గట్టిగా బ్రేకు పట్టి, ఏరోబార్ల మీద వాలి శబ్దాలు వినండి. అయితే ఉదయం ఏడు తరువాత పిల్లలు, నడిచేవారు వస్తారు, అప్పుడు ఏరోబార్ల మీద ఉండటం వారికీ మనకూ ప్రమాదం.

పాత స్పోక్
టైర్లలో గాలి గురించి కొత్తవారికి ఒక హెచ్చరిక. చెక్ఇన్ మధ్యాహ్నం ఉంటుంది. నిండా గాలి కొట్టిన సైకిలును ఆ ఎండలో వదిలితే ట్యూబు పేలుతుంది. అందరూ గాలి తగ్గించి పెట్టండి.

లెక్కల మాస్టారు
గాలి తగ్గించి పెట్టడంలో నష్టం లేదు గాని, పేలుడుకు ఎండను కారణం చేయడం లెక్కకు నిలవదు. టైరులో 80 పి.ఎస్.ఐ. కొట్టారనుకోండి. బయటి వాతావరణ పీడనం కలిపితే లోపల దాదాపు 95 ఉంటుంది. ఉష్ణోగ్రత 27 డిగ్రీల నుండి 37 డిగ్రీలకు పెరిగితే పీడనం ముప్పయ్యో వంతు, అంటే మూడు పి.ఎస్.ఐ. కొంచెం మించి పెరుగుతుంది. నేరుగా ఎండ తగిలి 30 డిగ్రీలు పెరిగినా అదనం పది లోపే. సరిగా కూర్చున్న టైరు ఆ మాత్రానికి పేలదు. ట్యూబు అంచు టైరుకూ రిమ్ముకూ మధ్య నలిగి ఉండటం, టైరు మీద రాసిన గరిష్ఠం దగ్గరికి ముందే కొట్టి ఉండటం అసలు కారణాలు. ట్యూబు మార్చాక రెండు వైపులా టైరును వేళ్ళతో విప్పి చూస్తూ చుట్టూ ఒకసారి రండి.

పాత స్పోక్
లెక్క ఒప్పుకుంటున్నాను మాస్టారూ. అయినా చెక్ఇన్‌లో టైర్లు పేలిన శబ్దం స్వయంగా విన్నాను, తగ్గించి పెట్టమనే చెబుతాను.

రెంచి పట్టిన చేయి
ఇద్దరి మాటా పాటించవచ్చు. సాయంత్రం 50కి తగ్గించి వదలండి, తెల్లవారి ట్రాన్సిషన్‌లోకి (పోటీలో సైకిళ్ళు నిలిపి ఉంచే చోటికి) వెళ్ళినప్పుడు కొట్టుకోండి. ఎంత కొట్టాలన్నది మనిషి బరువును, టైరు వెడల్పును బట్టి ఉంటుంది. 70 కిలోల మనిషికి ట్యూబు వేసిన 28 మిల్లీమీటర్ల టైరులో 70 నుండి 75 చాలు, ట్యూబ్‌లెస్ అయితే ఇంకొంచెం తక్కువ. నూరు, నూటపది కొట్టే పాత అలవాటు గతుకుల రోడ్డు మీద వేగాన్ని తగ్గిస్తుంది, నడుమును విరుస్తుంది, తరువాత 21 కిలోమీటర్లు పరుగెత్తవలసిన వారికి అది మరీ నష్టం.

ఈతకొలను అంచు
ఏరోబార్ల మీద అరగంట దాటితే మెడ పట్టేస్తోంది. ఫిట్టింగ్, అంటే సైకిలును ఒంటికి తగ్గట్టు సర్దించుకోవడం, చేయించుకోవడానికి ఇప్పుడు సమయం ఉందా?

టెక్సాస్ తెలుగు
డాలస్ నుండి రాస్తున్నాను. ఇక్కడ మంచి ఫిట్టర్లు పోటీకి నెల రోజుల లోపు సీటు ఎత్తు మార్చడానికి ఇష్టపడరు, ఎందుకంటే కొత్త భంగిమకు కండరాలు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మీకు ఐదు వారాలు ఉన్నాయి కనుక ఈ వారమే వెళ్ళండి, వచ్చే వారానికి వాయిదా వేయకండి. మామూలు రోడ్డు సైకిలుకు ఏరోబార్లు తగిలించి సీటును ఉన్నచోటే ఉంచితే తుంటి దగ్గర కోణం మరీ తగ్గిపోయి, చేతులు ముందుకు సాగి, మెడ వెనక్కి విరుచుకుంటుంది. సాధారణంగా సీటును కొంచెం ముందుకు జరిపి, మోచేతి ప్యాడ్ల కింద స్పేసర్లు వేసి ఎత్తు పెంచితే చాలా ఉపశమనం ఉంటుంది. మూడు నాలుగు గంటలు ఉండలేని వంపు కన్నా ఉండగలిగిన ఎత్తే మీకు వేగం ఇస్తుంది.

రెంచి పట్టిన చేయి
అవును. సీటు ముందుకు జరిపితే ఎత్తు కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచవలసి వస్తుంది. ఇప్పుడున్న కొలతలు టేపుతో గుర్తు పెట్టుకొని వెళ్ళండి, నప్పకపోతే వెనక్కి రావచ్చు.

నెమ్మది పరుగు
సైకిలును గోవాకు ఎలా తీసుకువెళ్తున్నారు? నేను విమానంలో వెళ్దామనుకుంటున్నాను.

భీమిలి తీరం
విమానమైతే పెట్టె బరువు, పొడవు ముందుగా చెప్పి నమోదు చేసుకోండి. కార్బన్ డయాక్సైడ్ గుళికలు వెంట పెట్టుకుంటే తనిఖీలో తీయించేస్తారు, అవి గోవాలో కొనుక్కోవడమే మేలు. పెడళ్ళు విప్పేటప్పుడు ఎడమది తిరుగుడు వ్యతిరేకమని గుర్తుంచుకోండి, బలం పెట్టి మరలు పాడుచేసుకున్నవారిని చూశాను. వెనుక డీరైలర్‌ను (గేర్లు మార్చే భాగాన్ని) హ్యాంగర్‌తో సహా విప్పి గుడ్డలో చుట్టి ఫ్రేముకు కట్టేయండి. డిస్క్ బ్రేకులున్నవారు చక్రాలు తీయగానే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ పలక పెట్టాలి, ప్రయాణంలో లివరు నొక్కుకుపోతే ప్యాడ్లు దగ్గరికి వచ్చి చక్రం మళ్ళీ ఎక్కదు. పలక దుకాణంలో అడిగితే ఊరికే ఇస్తారు, ప్రతి కొత్త సైకిలుతోనూ అవి వస్తాయి.

రెంచి పట్టిన చేయి
దానికి ఒకటి చేరుస్తాను. మీ సైకిలుకు సరిపోయే అదనపు హ్యాంగర్ ఒకటి కొని పెట్టెలో వేసుకోండి. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం ఉంటుంది, పనజీలో ఏ దుకాణానికి వెళ్ళినా మీ ఫ్రేముకు సరిపోయేది దొరుకుతుందన్న నమ్మకం లేదు. బ్రేకు ఆయిలు అక్కడ నింపించవలసి వస్తే ఏ రకమో ముందే చెప్పండి. షిమానో బ్రేకులకు మినరల్ ఆయిలు, శ్రామ్ రోడ్డు బ్రేకులలో ఎక్కువవాటికి డాట్ ద్రవం వాడతారు. ఒకదానిలో మరొకటి పోస్తే సీళ్ళు ఉబ్బిపోతాయి.

మూడు ఆటలు
టేపు విప్పించాను. ఎడమ లివరు కింద కొద్దిగా తెల్లదనం ఉంది గాని గుంటలు లేవు, తుడిచి కొత్త టేపు చుట్టారు. ఆ పని చేసింది కౌంటరు మీద కాగితం అంటించిన దుకాణంలోనే. ఓవర్‌హాల్ అడగకుండా రెంచి పట్టిన చేయి గారు రాసిన పనులన్నీ కాగితం మీద రాసుకొని వెళ్తే, మరుసటి రోజుకే ఇచ్చేశారు. చైను మార్చారు, హ్యాంగర్ లోపలికి వంగి ఉంటే సరిచేశారు. ఏరోబార్ల కూలి మాత్రం తగ్గించలేదు, వాటిని వేరే చోట బిగించుకుంటాను.

పాత స్పోక్
మాదాపూర్ షెడ్డుకే తీసుకువెళ్ళండి.

రెంచి పట్టిన చేయి
బుధవారం సాయంత్రం రండి. బారు మీద రాసిన మోడలు సంఖ్య ఫోటో తీసి ముందు పంపండి.

నెమ్మది పరుగు
నేను విమానం ఆలోచన మానుకొని, సికింద్రాబాద్ నుండి వాస్కోకు 2024లో మొదలైన రైలులో వెళ్తున్నాను. నిలువు పంపు ఒకటి తెస్తున్నాను, వాల్వుకు రెండు రకాల తలలూ ఉన్నాయి. పోటీ రోజు తెల్లవారుజామున ట్రాన్సిషన్‌లో గాలి కొట్టుకోవలసినవారు ఎవరెవరో ఇక్కడ రాయండి.

ఈతకొలను అంచు
నా పేరు రాసుకోండి. 80 మిల్లీమీటర్ల వాల్వు ట్యూబులు రెండు అదనంగా కొన్నాను, అవసరమైనవారికి ఇస్తాను.